గువ్వల జత లెక్కలో క్రిస్మస్

సీమలో డిసెంబరు డబ్బున్న నెల కాదు. పంటలు ఇంటికొచ్చాక వచ్చే పండగే కదా అని బయటివాళ్లు అనుకుంటారు. అనంతపురం పక్క జూన్, జూలైలో విత్తిన బుడ్డలు (వేరుశనగ) అక్టోబరు, నవంబరులో పీకుతారు. అమ్మిన డబ్బు చేతిలో పడగానే ఎరువుల అంగడి బాకీ, విత్తనాలకు తెచ్చిన అప్పు, కూలీల లెక్క వరసగా వాకిట్లో నిలబడతాయి. అది కూడా వాన పడిన ఏటి మాట. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే చోట, ఆ కురిసేది కూడా అదునుకు కురవకపోతే పీకిన కూలి కూడా రాదు. కర్నూలు, కడప నల్లరేగళ్లలో శనగ అప్పటికింకా పూత మీద ఉంటుంది, దాని డబ్బు చూడాలంటే ఫిబ్రవరి రావాలి. కోసిగి, మంత్రాలయం వైపు ఇళ్లకు తాళాలు పడి జనం సుగ్గికి, అంటే కోత కూలికి, గుంటూరు మిరపచేలకు వలస కదిలేదీ ఈ కాలంలోనే. ముసలివాళ్ల పింఛను ఒకటో తేదీన వస్తుంది, 25 నాటికి మందులకు, సరుకులకు పోగా చీర కొంగున ముడి మాత్రం మిగులుతుంది.

అందుకే మన దగ్గర క్రిస్మస్ చాలా ఇళ్లలో అప్పు మీద నడుస్తోంది. ఈ రాతలో బైబిలు వాక్యం కొంత, లెక్కలు ఎక్కువ. "విశ్వాసం ఉంటే లెక్కలెందుకు" అనేవాళ్లు లూకా 14వ అధ్యాయం తెరవండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని అడిగింది యేసే.

మొదట గువ్వల సంగతి. మోషే ధర్మశాస్త్రంలోని లేవీయకాండం 12వ అధ్యాయంలో బాలింతకు ఒక నియమం ఉంది. మగబిడ్డ పుడితే ఏడు రోజులు, ఆపైన ముప్పై మూడు, మొత్తం 40 రోజులు గడిచాక ఏడాది గొర్రెపిల్లను, ఒక గువ్వనో పావురపు పిల్లనో యాజకుడి దగ్గరికి తేవాలి. వెంటనే ఇంకో మాట ఉంది. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే రెండు గువ్వలు, లేదంటే రెండు పావురపు పిల్లలు చాలు. ఇప్పుడు లూకా 2:24 చూడండి. మరియ, యోసేపు యెరూషలేముకు బిడ్డను ఎత్తుకుపోయిన సందర్భంలో లూకా రాసింది పక్షుల జత గురించే, గొర్రెపిల్ల ఊసే లేదు. వాళ్లు పేదవాళ్లని ఆయన విడిగా చెప్పడు. ధర్మశాస్త్రం తెలిసినవాళ్లకు ఆ పక్షులే చెప్తాయి. బిడ్డను చూడటానికి వచ్చిన తూర్పు జ్ఞానుల బంగారం ఆ ఇంటికి అప్పటికింకా చేరలేదని చాలామంది వ్యాఖ్యాతలు అనుకునేదీ ఇందుకే.

లేవీయకాండం 5వ అధ్యాయం ఇంకో మెట్టు దిగుతుంది. పాపపరిహారానికి పక్షుల జత కూడా తేలేనివాడు తూమెడు పిండిలో పదో వంతు తెస్తే సరిపోతుంది. అంటే లేనివాడి లెక్క చట్టంలోనే రాసి ఉంది, పైవాళ్లు జాలిపడి ఇచ్చిన రాయితీ కాదది. గొర్రెపిల్ల కోసం అప్పు చెయ్యమని మాత్రం ధర్మశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. యేసు ఇంట్లో జరిగిన మొదటి మొక్కుబడే గువ్వల లెక్కలో జరిగింది. ఆయన పుట్టినరోజు చెయ్యడానికి మనం మూడు రూపాయల వడ్డీకి గొర్రెపిల్లను తెస్తున్నాం.

ఆ వడ్డీ ఎంతవుతుందో చూద్దాం. నూటికి 3 రూపాయల మీద 10,000 తెస్తే నెలకు 300. అసలు కదలకుండా వచ్చే క్రిస్మస్‌కు 3,600 వడ్డీకే పోతుంది. 5 రూపాయల వడ్డీ అయితే 6,000. బజారులో చిన్న వ్యాపారులకు అలవాటైన డైలీ ఫైనాన్స్ ఇంకా మోసపు లెక్క. 10,000 నోటు రాయించుకుని, 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వందరోజుల్లో 1,500 వడ్డీ, పెద్దగా ఏముంది అనిపిస్తుంది. కానీ కట్టిన కొద్దీ అసలు తగ్గిపోతూ ఉంటుంది, మీ చేతిలో సగటున ఉన్నది 8,500 కాదు, దాంట్లో సగం. ఆ లెక్కన చూస్తే నూటికి నెలకు దగ్గరదగ్గర 10 రూపాయలు పడుతుంది. మూడు రూపాయల వడ్డీవాణ్ణి తిట్టుకుంటూ పది రూపాయల వడ్డీవాడికి రోజూ పొద్దున నవ్వుతూ కడుతున్నాం.

ఫోన్లో దొరికే అప్పుల యాప్‌లు మూడో రకం. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అప్పు డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో ఒక పత్రంలో ముందే చూపించాలి, మనసు మారితే వెనక్కి ఇచ్చేసే గడువు ఉండాలి, మీ ఫోన్లోని నంబర్లు, ఫొటోలు తీసుకోకూడదు. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఆ యాప్ తీసేయండి. ఇప్పటికే చిక్కుకుని, ఫొటోలు పంపిస్తామని బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. బెదిరింపుకు భయపడి ఇంకో యాప్‌లో తెచ్చి కట్టారంటే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

తప్పదు, ఎక్కడో ఒకచోట తేవాల్సిందే అంటే మొదట డ్వాక్రా సంఘం పొదుపు నుంచి అడగండి. చాలా సంఘాలు లోపలి అప్పుకు నూటికి రూపాయి తీసుకుంటాయి, ఆ రూపాయి కూడా సంఘంలోనే, అంటే మీ వాటాలోనే ఉంటుంది. తర్వాత బ్యాంకులో బంగారం. చీటీ ఎత్తుకోవడం పండగ ముందు మాత్రం వద్దు. డిసెంబరు పాటలో అందరికీ అవసరమే, అందరూ ఎగబడి తగ్గించి పాడతారు. అదే చీటీ ఫిబ్రవరిలో పాడితే చేతికి ఎక్కువ వస్తుంది. వీటన్నిటికంటే, పండగకు అసలు తేకపోవడమే మేలు. జబ్బుకు, విత్తనాలకు, పిల్లల ఫీజుకు అప్పు వేరు, బట్టలకు అప్పు వేరు.

ఇక పండగ లెక్క. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. మొదటి ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ఆలుమగలు ఒక కాగితం ముందేసుకుని కూర్చోండి. డిసెంబరు 20 నాటికి కచ్చితంగా చేతిలో ఉండే డబ్బు పైన రాయండి. రావాల్సిన కూలి, ఇస్తానన్న బావమరిది, అమ్మితే వచ్చే మేకపిల్ల, ఇవేవీ అందులో రాకూడదు. లెక్క తప్పేది ఎప్పుడూ అక్కడే. "రావాల్సింది" అన్నదాన్ని "వచ్చింది" కింద రాసుకుని బట్టలు తీస్తాం, అది రాదు, వడ్డీ మొదలవుతుంది.

2,500 ఉందనుకుందాం, నలుగురు మనుషుల ఇల్లు. గుడి కానుకకు 250 మొదటే పక్కన పెట్టండి, చివరికి మిగిలితే ఇద్దామంటే మిగలదు. పిల్లలిద్దరి బట్టలకు 900. పండగ పొద్దు భోజనానికి 600. పిండివంటలకు 300. సున్నానికి, స్టార్‌కు 200. కేకుకు 100. 150 పేరు లేకుండా వదిలేయండి, ఎవరో ఒకరు చెప్పకుండా వస్తారు. ధరలు ఊరికో తీరుగా ఉంటాయి, మీ అంగడి ధర వేసుకోండి. 1,200 మాత్రమే ఉంటే బట్టలు, కేకు కొట్టేయండి, మిగతావాటిలో ఐదో వంతు తగ్గించండి. పండగ ఆగదు.

బట్టల దగ్గరే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆరాధనలో పక్క వరసలో కొత్త చీరలు గరగరమంటుంటే మన పాత చీర మనకే కనబడుతుంది. "ఏం వదినా, ఈసారి పిల్లోళ్లకు గుడ్డలు తీయలేదా?" అని అడిగేవాళ్లు ఉండనే ఉంటారు. "ఈసారి ఉన్నవే వేస్తాండాం వదినా" అని చెప్పి అక్కడితో ఆపండి. కారణాలు వరస పెట్టి చెప్పడం మొదలైతే అది మీకు సిగ్గుచేటైన విషయమని మీరే ఒప్పుకున్నట్టు. పిల్లలకు తీసేటప్పుడు ఒక సైజు పెద్దవి తీసి, రెండంగుళాల మడత లోపలికి కుట్టించండి, రెండో క్రిస్మస్‌కూ వస్తాయి. గుడ్డ తీసి కుట్టించేవాళ్లు నవంబరులోనే దర్జీకి ఇవ్వాలి, డిసెంబరు మూడో వారంలో కుట్టుకూలి పెరుగుతుంది, చెప్పిన రోజుకు అందదు. క్రిస్మస్‌కు ఒక జత, జనవరి 1కి ఇంకో జత అనే అలవాటు మాత్రం మానుకోవచ్చు. 25న వేసినవి ఉతికి ఇస్త్రీ చేస్తే కొత్త సంవత్సరానికి చాలు.

ఇంటికి సున్నం కొట్టాలంటే 2 కిలోల రాతి సున్నానికి 10 లీటర్ల నీళ్లు. నీళ్లలో సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి, సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు, చిమ్మి కళ్లలో పడుతుంది. బాగా వేడెక్కుతుంది కాబట్టి పలచని ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. రాత్రంతా నాననిచ్చి పాత పంచెతో వడకట్టి, 40 గ్రాముల తుమ్మజిగురు వేడినీళ్లలో కరిగించి కలపాలి, పిడికెడు ఉప్పు కూడా. చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు తేలుతుంది. గోడను నీళ్లతో తడిపి, పలచగా రెండు పూతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఒకేసారి చిక్కగా కొట్టినవాళ్ల గోడ జనవరిలో పెచ్చులూడుతుంది. సున్నం గాలిని పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే గట్టిపడకముందే ఆరిపోయి చేతికి అంటుకుంటుంది. సాయంత్రం కొట్టండి.

స్టార్ అంగట్లో కొనొద్దు. ఇంట్లో పిల్లలతో కలిసి చేసే పని ఇదొక్కటే మిగిలింది, దాన్ని కూడా కొనుక్కుంటే ఎలా. 60 సెంటీమీటర్ల వెదురు బద్దలు పది, 12 సెంటీమీటర్ల పుల్లలు ఐదు, పురికొస, గాలిపటం కాగితాలు. ఒక్కో బద్ద మీద రెండు కొసల నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టండి. ఐదు బద్దల్ని ఒకదాని మీద ఒకటి, ఒకదాని కింద ఒకటి వచ్చేట్టు అల్లి, బద్దలు ఒకదాన్నొకటి దాటేచోట ఆ గీతలు కలిసేలా కట్టితే అయిదు కొమ్ములూ సమానంగా వస్తాయి. గీతలు పెట్టకుండా కంటితో కడితే ఒక కొమ్ము పొడుగై నక్షత్రం సోలిపోయినట్టు ఉంటుంది. ఇలాంటివి రెండు చేసి, అయిదు కొసలూ జతలుగా బిగించి, లోపలి అయిదు మూలల్లో చిన్న పుల్లలు నిలబెడితే మధ్యలో ఉబ్బుతుంది.

అంటించడానికి మైదా గంజి. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి సన్నమంట మీద చిక్కబడేదాకా కలియబెట్టండి. చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు, బొద్దింక తినవు, కానీ అది విషం, గిన్నె వేరేగా ఉంచి పిల్లల చేతికి ఇవ్వకండి. కాగితాన్ని మరీ లాగి అంటించవద్దు. మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున మంచు పడుతుంది, కాగితం చెమ్మగిల్లి సాగి, పగలు ఎండకు బిగుసుకుంటుంది, లాగి అంటించినది మూడో రోజుకే చీలుతుంది. పైన, కింద ఒక్కో త్రికోణం వదిలేయండి. బల్బు 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు. డిసెంబరు 1 నుంచి జనవరి 6 దాకా రాత్రికి 11 గంటలు వెలిగినా రెండు యూనిట్లే కాలుతుంది. పాత 60 వాట్ల బల్బు అయితే 24 యూనిట్లు, పైగా ఆ వేడికి కాగితం అంటుకునే ప్రమాదం.

పిండివంటల్లో అరిసెలు, కజ్జికాయలు నూనె తాగుతాయి. నూనె ధర చూస్తే ఈ ఏడు బుడ్డల ఉండలు, కొంచెం నిప్పట్లు చాలు. కిలో బుడ్డల గింజలకు 700 గ్రాముల బెల్లం, అర గ్లాసు నీళ్లు. గింజలు సన్నమంట మీద పావుగంట వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చి వాసన వారానికి కమురుగా మారుతుంది. చల్లారాక గోనెపట్టా మీద రుద్ది, పొట్టు చెరగాలి. బెల్లం కరిగించి తప్పకుండా వడకట్టండి, ఇసుక లేని బెల్లం నేను చూడలేదు. మళ్లీ పొయ్యి మీద పెట్టి ముదురు పాకం పట్టాలి. చన్నీళ్ల పళ్లెంలో చుక్క వేసి, ఉండ చేసి పళ్లేనికేసి కొడితే టంగుమని మోగాలి. మోగక ముందే దించితే ఉండలు సాయంత్రానికి చెమర్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి, మోగిన తర్వాత కూడా పొయ్యి మీదే ఉంచితే చేదు వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉండేది నిమిషం కూడా కాదు, కాబట్టి గింజలు పక్కనే సిద్ధంగా పెట్టుకోండి. గింజలు వేసి కలిపిన వెంటనే దించి, చేతికి తడి అద్దుకుంటూ ఇద్దరు ముగ్గురు కూర్చుని చుట్టాలి. ఒక్కరే చుడితే సగానికొచ్చేసరికి రాయవుతుంది, అప్పుడు గిన్నెను సన్నసెగ మీద ఒక్క నిమిషం పెడితే మళ్లీ వదులవుతుంది. ఈ కొలతకు నిమ్మకాయంత ఉండలు అరవై పైన వస్తాయి. గింజలు కిలో 140, బెల్లం కిలో 60 అనుకుంటే ఉండ మూడు రూపాయల లోపు పడుతుంది. చుట్టుపక్కల పది ఇళ్లకు, క్రైస్తవులు కాని ఇళ్లకు కూడా, నాలుగేసి చొప్పున పంచినా ఇంట్లో పిల్లలకు ఉంటాయి. రంజాన్‌కు వాళ్ల సేమ్యా, ఉగాదికి వాళ్ల ఓళిగలు తిన్న వాకిళ్లే కదా అవి.

భోజనం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిలో కోడికూర, కిలో బియ్యం పలావు ఏడెనిమిది మందికి సరిపోతుంది. పొట్టేలు కూర కావాలంటే ఇరవై ఇళ్లు కలిసి పోగులు వేసుకోండి. 20 కిలోల బరువున్న పొట్టేలులో కూర 9 నుంచి 10 కిలోలు వస్తుంది. అందుకే ధర అడిగినప్పుడు మనసులో తొమ్మిదితో భాగించండి. 7,200 అన్నాడంటే కిలో 800 పడ్డట్టు. అది అంగడి ధరతో సమానమైతే తల, కాళ్లు, బోటీ మాత్రమే మీ లాభం, వాటిని పాట పెట్టి వచ్చిన డబ్బు పోగులకు తగ్గించండి. తూకం లేకుండా నడుం పట్టి చూసి కొనడం పండగ వారంలో ఎప్పుడూ నష్టమే. మొదటి వారంలోనే మాట్లాడుకుని బయానా ఇచ్చి పెట్టుకోవాలి.

ఇక కానుక. ఇక్కడ చర్చి సంఘ పెద్దలకూ కొన్ని మాటలు.

ఫలానావారు 5,000, ఫలానావారు 1,000 అని మైకులో చదివే పద్ధతి మన సంఘాల్లో పాతుకుపోయింది. ఆ చదివింపు వినలేకనే క్రిస్మస్ పొద్దున గుడికి రాని ఇళ్లు ఉన్నాయి, ఒళ్లు బాగాలేదని చెప్తారు. మార్కు 12వ అధ్యాయంలో విధవరాలు రెండు కాసులు వేసింది, యేసు ఆమెను చూసి శిష్యులను పక్కకు పిలిచి చెప్పాడు, కానీ ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. పేర్లు చదవడం మానేసి, లెక్క అంతా రసీదు పుస్తకంలో ఉంచి, మొత్తం ఒక్కటే ప్రకటించవచ్చు. కవర్లు పంచేటప్పుడు పేరు రాయని కవర్లు పంచండి. చందా ఇంటికింత అని కట్టడం కూడా తప్పే, రెండో కొరింథీ 8వ అధ్యాయంలో పౌలు చెప్పింది కలిమి కొలది ఇవ్వమని, లేనిదాని కొలది కాదని.

డబ్బు లేనివాళ్లు ఇవ్వగలిగినవి చాలా ఉన్నాయి. కోత పండగలో జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి గుడి ముందు పాట పెట్టడం మనకు కొత్తేమీ కాదు, అదే పద్ధతిని క్రిస్మస్‌కూ తెరిచి ఉంచండి. గుప్పెడు బియ్యం అన్నిటికన్నా సులువు. డిసెంబరు 1 నుంచి వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. గుప్పెడు 30 గ్రాములు అనుకున్నా రోజుకు రెండు పూటలు, 24 రోజులకు 1,440 గ్రాములు. నలభై ఇళ్ల సంఘంలో 57 కిలోలు దాటుతుంది, నాలుగు వందల మందికి ప్రేమ విందు అన్నం అదే. రేషన్ బియ్యం, సన్న బియ్యం కలిపి వండితే ఒకటి చిమిడి ఒకటి పలుకుగా ఉంటుంది కాబట్టి తీసుకునేటప్పుడే రెండు సంచులు పెట్టండి. ఆ విందులో ఎవరి గుప్పెడు ఎవరి కంచంలో పడిందో ఎవరికీ తెలియదు. గుడి ఊడవడం, షామియానా కట్టడం, రాత్రి పొయ్యి దగ్గర కూర్చోవడం, ఇవన్నీ కానుక పుస్తకంలో రాయదగినవే.

అప్పు తెచ్చి 'విత్తన కానుక' వేస్తే నూరంతలు వస్తుందని చెప్పే బోధకులున్నారు. వాళ్ల గురించి ఒక్క మాట చాలు. బుడ్డలు విత్తిన ప్రతి రైతుకూ తెలుసు, వానలేని ఏడాది విత్తనం తిరిగి రాదని, అది రైతు విశ్వాసం తక్కువై కాదని. అప్పులవాడి డబ్బు మీది కాదు, మీది కానిదాన్ని దేవునికి ఇవ్వలేరు.

విశ్వాసం సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే తక్కిన పనులు కుదుటపడితే గానీ రాత్రి ప్రార్థనలో మనసు నిలవదు. లూకా సువార్తలో 24 అధ్యాయాలు ఉన్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే 24 రాత్రికి పూర్తవుతుంది, 25 పొద్దున రెండో అధ్యాయం మళ్లీ చదువుకోవచ్చు. మొదటి అధ్యాయం 80 వచనాలు, పిల్లలు నిద్రపోతారు, దాన్ని రెండు పూటలు చేయండి. ఇంట్లో ఎవరు చదవగలిగితే వాళ్లు, పదేళ్ల పిల్ల అయినా సరే. లూకాయే ఎందుకంటే డబ్బు గురించి ఇంత సూటిగా మాట్లాడే సువార్త ఇంకోటి లేదు. ఆకలిగొన్నవారిని మంచివాటితో నింపి, ధనవంతులను వట్టిచేతులతో పంపాడని మరియ పాడేది మొదటి అధ్యాయంలోనే. యేసు పుట్టిన కబురు దేవదూత మొదట తెచ్చింది రాత్రిపూట మందకు కాపలా ఉన్నవాళ్లకు. పొలాల్లో మంద కట్టి, గొంగడి కప్పుకుని, నక్కలకు కర్ర పట్టుకుని మేలుకుని ఉండే కురబల కొట్టాన్ని చూసిన మనకు ఆ సన్నివేశం వివరించి చెప్పాల్సిన పని లేదు.

ప్రార్థనలో అప్పు పేరెత్తి, మొత్తం చెప్పి అడగండి. "మా అక్కరలు తీర్చు" అనే మాటలో దాక్కోకండి. "మార్చిలోగా పదిహేడు వేలు కట్టాలి, దారి చూపించు" అనండి. పెద్ద పిల్లలు వినడం మంచిదే, ఇంట్లో ఏదో దాస్తున్నారనే భయం కంటే లెక్క తెలియడం నయం. పదేళ్ల లోపు పిల్లలకు మాత్రం మొత్తం చెప్పవద్దు, "ఈ ఏడు ఇంతే చేద్దాం, ఉండలు మాత్రం నువ్వే చుట్టాలి" అంటే వాళ్లకు సరిపోతుంది.

అన్నీ ఉన్నట్టు నవ్వాల్సిన పని కూడా లేదు. హబక్కూకు ప్రవక్త పుస్తకం చివర్లో చెట్లు కాయకపోవడం, చేలో పైరు పండకపోవడం, దొడ్డిలో గొర్రెలు, కొట్టంలో పశువులు లేకపోవడం ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టి, ఆ తర్వాతనే యెహోవాయందు ఆనందిస్తానంటాడు. నష్టం జాబితా ముందు, ఆనందం తర్వాత. 1876 నాటి ధాత కరువు కర్నూలు, కడప, అప్పటి బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. అనంతపురం అప్పటికి బళ్లారిలోనే ఉండేది, 1882లో వేరు జిల్లా అయింది. మన సీమ సంఘాల్లో ఎన్నో ఆ కరువుకు ముందువెనకల పుట్టినవే. గంజి కేంద్రాల దగ్గర నిలబడినవాళ్ల మునిమనవలం మనం. పేదరికంలో పండగ ఎలా చెయ్యాలో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

సుగ్గికి పోయినవాళ్లు మిరపచేల గుడిసెల్లోనే పండగ చేసుకుంటారు. వాళ్లు కదలకముందే, నవంబరు చివరి ఆదివారం, అయ్యగారు (పాస్టరు) ఒక చిన్న ఆరాధన పెట్టి ప్రభురాత్రి భోజనం ఇచ్చి పంపితే బాగుంటుంది. బెంగళూరు నుంచి రైల్లో రావాలనుకునేవాళ్లకు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, డిసెంబరు 24 ప్రయాణానికి అక్టోబరు 25న. ఆ రోజు దాటితే ప్రైవేటు బస్సుకు పెట్టే డబ్బు పిల్లల బట్టల డబ్బే.

పండగ నాడు ఎవరైనా మౌనంగా, తిండి మానేసి, "నేను లేకపోతే మీకు అప్పు బాధ ఉండదు" వంటి మాట అంటుంటే దాన్ని ప్రార్థనతో సరిపెట్టవద్దు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీసి వేరేచోట దాచండి, 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

జనవరి 6న స్టార్ దించేటప్పుడు చిరిగిన కాగితం తీసేసి, బద్దలు కట్ట కట్టి అటక మీద పెట్టండి. పక్కనే ఒక ఖాళీ డబ్బా పెట్టి, ఫిబ్రవరి మొదటి వారం నుంచి వారానికి 50 వేస్తూ పోతే డిసెంబరు మొదటికి 2,150కి చేరుతుంది. అంగళ్లవాళ్ల పండగ చీటీలో కట్టడం కంటే డ్వాక్రా సంఘం పుస్తకంలో వేరే ఖాతాగా రాయించుకోవడం నయం, ఎత్తుకుపోయేవాడు ఉండడు. వచ్చే ఏడు స్టార్‌కు కొనాల్సింది కాగితం, మైదా మాత్రమే.